చెప్పేవాళ్ళు నేర్పిన వైద్యం

మా వృత్తి చరిత్ర ఏ పాఠ్యపుస్తకంలో చూసినా ఫ్రాయిడ్ గడ్డంతోనే మొదలవుతుంది. గడ్డం, చుట్ట, పక్కన దివాను. విశాఖపట్నంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేసి రిటైరయ్యాక తీరిగ్గా పాత కేసు కథలన్నీ మళ్ళీ తిరగేశాను. ఇప్పుడా మొదలు నాకు నచ్చడం లేదు. నేనైతే ఒక గ్లాసు మంచినీళ్ళ దగ్గర మొదలుపెడతాను.

వియన్నాలో డబ్బున్న యూదుల ఇంటి పిల్ల బెర్తా పాపెన్‌హైమ్. 1880లో తండ్రి మంచాన పడేనాటికి ఆమెకి ఇరవై ఒక్కేళ్ళు. రాత్రిళ్ళు ఆయన పక్కన మేలుకుని సేవ చేసి చేసి చివరికి తనే పడిపోయింది. కుడి చెయ్యి స్వాధీనం తప్పింది. చూపు చెదిరింది. పుట్టి పెరిగిన జర్మన్ భాష నోటికి రాకుండా పోయి ఇంగ్లీషులోనే మాట్లాడేది. ఇంటి డాక్టరు యోసెఫ్ బ్రాయర్ సాయంత్రాలు వచ్చి పక్కన కూర్చుని ఆమె చెప్పేది వినేవాడు. ఒక ఎండాకాలం కొత్త బాధ పట్టుకుంది. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా, గ్లాసు పెదవుల దాకా వచ్చేసరికి తోసేసేది. సుమారు ఆరు వారాలు పుచ్చకాయలూ పళ్ళూ తిని దాహం తీర్చుకుంది. హిప్నాసిస్‌లో ఉండగా ఒకరోజు అసలు సంగతి బయటికొచ్చింది. ఇంట్లో ఉండే ఇంగ్లీషావిడ గదిలోకి వెళ్తే, ఆవిడ కుక్క గ్లాసులో మూతిపెట్టి నీళ్ళు తాగుతోంది. మర్యాదస్తుల ఇల్లు కదా, బెర్తా పైకి ఒక్క మాటా అనలేదు. ఆ రోజు మింగిన అసహ్యాన్నంతా బ్రాయర్ ముందు కక్కేసి, వెంటనే నీళ్ళడిగి గటగటా తాగేసింది.

ఈ పద్ధతికి పేరు పెట్టింది కూడా డాక్టరు కాదు, ఆమే. మాటల వైద్యం అంది. హాస్యానికి పొగగొట్టం దులపడం అంది. రోజుకి ఎంతసేపు, ఏ వేళప్పుడు, ఏ వరసలో చెప్పాలో దాదాపుగా ఆమే తేల్చింది. బ్రాయర్ గొప్పతనమంతా లేచి వెళ్ళిపోకుండా కూర్చోవడంలో ఉంది. తక్కువ గొప్పతనం కాదది. అప్పటి డాక్టర్లలో చాలామంది హిస్టీరియా అనగానే నటన అనేసి చేతులు కడుక్కునేవాళ్ళు.

అయితే 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి వేసిన పుస్తకంలో ఈ కథ సుఖాంతం. వాస్తవంలో కాదు. బ్రాయర్ వైద్యం ఆగిపోయిన 1882లోనే ఆమెని స్విట్జర్లాండులోని క్రాయిట్స్‌లింగెన్ శానిటోరియంలో చేర్పించారు. నొప్పులకిచ్చిన మార్ఫిన్ అలవాటైపోయింది. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు మళ్ళీ మళ్ళీ ఆసుపత్రులే. 1888లో తల్లితో ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళాక మెల్లగా మరో మనిషయింది. అనాథ పిల్లల ఆశ్రమం నడిపింది, 1904లో యూదు స్త్రీల సమాఖ్య పెట్టింది, 1907లో నాయ్-ఇజెన్‌బుర్గ్‌లో పెళ్ళి కాకుండా తల్లులైన పిల్లలకీ, వ్యభిచారం కోసం అమ్ముడుపోయే ప్రమాదంలో ఉన్న పిల్లలకీ ఒక ఇల్లు కట్టింది. 1954లో పశ్చిమ జర్మనీ ఆమె బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. తన దగ్గరున్న ఆడపిల్లల్ని మాత్రం సైకోఅనాలిసిస్ గడప తొక్కనివ్వలేదట. ఆమెని బాగుచేసింది మాటలా, పనా అని నన్నడిగితే రెండూ అంటాను. మాటలు తలుపు తీశాయి, పని నిలబెట్టింది. ఈ రెండో సగం మా వాళ్ళ తలకెక్కడానికి ఇంచుమించు వందేళ్ళు పట్టింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఫ్రాయిడ్‌కీ ఇలాంటి గురువులే దొరికారు. అదే 1895 పుస్తకంలో ఎమ్మీ అన్న మారుపేరుతో ఒకావిడ కనిపిస్తుంది. ఫ్రాయిడ్ ఊరికే అది ఎక్కణ్ణుంచి వచ్చింది, ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది అని ప్రశ్నలతో అడ్డుపడుతుంటే ఆవిడకి చిరాకేసింది. ప్రశ్నలాపి తనని చెప్పనివ్వమంది. ఫ్రాయిడ్ ఊరుకున్నాడు. రోగి తోచింది తోచినట్టు చెప్పుకుపోవడం, డాక్టరు నోరు మూసుకోవడం అనే ఆ ఏర్పాటే తర్వాత్తర్వాత సైకోఅనాలిసిస్‌కి మూలస్తంభమైంది. ఆ ప్రసిద్ధమైన దివాను కూడా 1890 ప్రాంతంలో ఒక రోగి కృతజ్ఞతగా పంపిన బహుమతే. ఇప్పుడది లండన్‌లో ఆయన చివరి ఇంట్లో ఉంది. పైన పరిచిన తివాచీ అందంగానే ఉంటుంది కానీ, ఆ ఎత్తు దిండ్ల మీద మెడ నొప్పి పుట్టదా అని నాకు ఎప్పుడూ ఒక అనుమానం.

ఇక డబ్ల్యూ. హెచ్. ఆర్. రివర్స్. ఈయన గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఇష్టం కాబట్టి.

1864లో ఇంగ్లండులో పుట్టిన డాక్టరు. నత్తి ఉండేది. తండ్రి ఊళ్ళోవాళ్ళ నత్తి మాన్పించేవాడు. కొడుకు నత్తి మాత్రం చివరిదాకా పోలేదు. 1898లో కేంబ్రిడ్జి బృందంతో టోరెస్ జలసంధి దీవులకి వెళ్ళి అక్కడివాళ్ళ చూపూ, స్పర్శా పరీక్షించాడు. కొలతలు తీయాలంటే ఎవరు ఎవరి కొడుకో, ఎవరికి ఏమవుతారో తెలియాలి కదా. అందుకని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి తల్లి ఎవరు, తండ్రి ఎవరు, మేనమామ ఎవరు అంటూ వంశాలు రాసుకోవడం మొదలుపెట్టాడు. పెళ్ళిచూపులకి వచ్చిన మన పెద్దవాళ్ళ ఆరా లాంటిదే. 1901-02లో మన నీలగిరులకొచ్చి తోడా గిరిజనుల మధ్య నెలల తరబడి అదే పని చేశాడు. 1906లో అచ్చయిన ఆయన తోడాల పుస్తకం చివర పేజీల కొద్దీ ఆ వంశావళి పట్టికలే ఉంటాయి. దుబాసీ సాయంతో, తొందరపడకుండా, చెప్పేవాణ్ణి తన దారిన చెప్పనిస్తూ వినడం రివర్స్ అక్కడే సాధన చేశాడని నా నమ్మకం. దీనికి ఋజువులడిగితే ఇవ్వలేను. పుస్తకం చదివితే అలా అనిపిస్తుంది.

1914లో యుద్ధం వచ్చింది. కందకాల్లో నెలల తరబడి ఫిరంగి గుండ్ల కింద పడున్న సైనికులు మాట పడిపోయి, కాళ్ళు పడిపోయి, నిద్రలో కేకలు పెడుతూ వెనక్కి రాసాగారు. టోరెస్ జలసంధిలో రివర్స్‌తో ఉన్న చార్లెస్ మైయర్స్ 1915లో లాన్సెట్ పత్రికలో దీన్ని షెల్ షాక్ అన్న పేరుతో ఎక్కించాడు. గుండు పేలినప్పుడు మెదడు అదిరిపోతోందని మొదట్లో అనుకున్నారు. తీరా చూస్తే గుండు దరిదాపుల్లో పడనివాళ్ళకీ అదే వరస. మరైతే పిరికితనమే అన్నారు సైన్యాధికారులు. పారిపోయారనో పిరికివాళ్ళనో బ్రిటిష్ సైన్యం తన సైనికుల్నే మూడు వందల మందికి పైగా నిలబెట్టి కాల్చేసింది. వాళ్ళకి క్షమాభిక్ష దొరికింది 2006లో. లండన్ క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలో లూయిస్ యీలాండ్ అనే డాక్టరు మాట పోయిన సిపాయిల గొంతుకి కరెంటు పెట్టేవాడు. తలుపుకి తాళం వేసి, మాట వచ్చేదాకా బయటికి పోనిచ్చేది లేదనేవాడు. మాట వచ్చేది కూడా. 1918లో పుస్తకం రాసి మరీ చెప్పుకున్నాడు. వచ్చేది కాబట్టే ఆ పద్ధతిని దుర్మార్గం అని ఒక్క మాటతో తీసిపారేయలేం. లక్షణం పోవడమూ, మనిషి బాగుపడటమూ ఒకటేనా అని ఆగి అడగాల్సి వస్తుంది.

రివర్స్ పనిచేసింది ఎడిన్‌బరో పక్కన క్రెయిగ్‌లాక్‌హార్ట్‌లో. అంతకుముందు అది జలచికిత్సలు చేసే పెద్ద హోటలు. 1916లో సైనికాధికారుల ఆసుపత్రి చేశారు. పగలు గోల్ఫూ, తోటపనీ, ఆసుపత్రి పత్రికా. రాత్రయితే వసారాల వెంట కేకలు. అక్కడి సైనికులకి అందరూ ఇచ్చే సలహా ఒకటే: మర్చిపో, ఆ ఆలోచన రానివ్వకు, మంచి విషయాలు తలుచుకో. మన ఇళ్ళల్లో చావు జరిగినప్పుడూ, అత్యాచారం జరిగినప్పుడూ ఇప్పటికీ ఇచ్చే సలహా అదే. రివర్స్ గమనించింది ఏమిటంటే, పగలల్లా ఆ జ్ఞాపకాన్ని తొక్కిపెట్టినవాడే రాత్రిళ్ళు దాని చేతిలో ఎక్కువ నలిగిపోతున్నాడు. దాన్ని పగటిపూట, మరో మనిషి సమక్షంలో, కొంచెం కొంచెంగా ముట్టుకోనిస్తే రాత్రి బలం తగ్గుతోంది. 1917 చివర్లో ఈ విషయం మీద ప్రసంగించాడు, 1918లో లాన్సెట్ అచ్చేసింది.

అందులో నాకు మరపురాని కేసులు రెండున్నాయి. ఒక అధికారి తన స్నేహితుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి, గుండు దెబ్బకి తలా మొండెం వేరైపోయిన శరీరాన్ని చూశాడు. రోజూ కల్లో ఆ ముక్కలైన దేహమే, లేదా కుష్ఠురోగి రూపంలో మీదికొచ్చే స్నేహితుడు. రివర్స్ అతనితో మర్చిపొమ్మనలేదు. అంత ఛిద్రమైపోయాడంటే బాధ తెలిసే వ్యవధి కూడా లేకుండా పోయి ఉంటాడు కదా అన్నాడు. అధికారి ముఖం వికసించింది. ఇకపై ఆలోచన వస్తే ఈ కోణంలోనే ఆలోచిస్తానన్నాడు. కొన్ని రాత్రులు ఏ కలా రాలేదు. తర్వాత వచ్చిన కలలో స్నేహితుడి పక్కన మోకరిల్లి, ఏడుస్తూ మేలుకున్నాడు. భయం పోయి దుఃఖం మిగిలింది. మేం చేసే పని ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ కేసే చెప్పేదాన్ని. బాధ లేకుండా చేయడం మా వల్ల కాదు. భయం స్థానంలో దుఃఖాన్ని రానివ్వడం ఒక్కోసారి అవుతుంది.

రెండో అతను పేలుడుకి ఎగిరి, కుళ్ళి ఉబ్బిన శవం మీద ముఖం పెట్టి పడ్డాడు. నోట్లోకి, ముక్కులోకి ఆ కుళ్ళు. ఇందులో ఊరటనిచ్చే కోణం ఏదీ రివర్స్‌కి దొరకలేదు. దొరకలేదని అలాగే రాశాడు. అతన్ని సైన్యం నుంచి పంపించేసి, అంతకుముందు ఊరట దొరికిన పల్లెటూరికే వెళ్ళమన్నారు. కుదరని కేసుని కుదరలేదని అచ్చులో ఒప్పుకోవడం మా రంగంలో ఇవాళ్టికీ అరుదు.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యను. ఆయన యూనిఫాం వేసుకున్న డాక్టరు. బాగుచేసిన మనిషిని మళ్ళీ అదే కందకానికి పంపాలి, అదీ ఉద్యోగం. యుద్ధం ఆపమని బహిరంగంగా ప్రకటించిన కవి సిగ్‌ఫ్రీడ్ ససూన్‌ని కోర్టు మార్షల్ తప్పించడం కోసం 1917 జులైలో జబ్బు పేరుతో ఇక్కడికి తోసేశారు. రివర్స్ దగ్గర నెలల తరబడి మాట్లాడి ససూన్ యుద్ధానికి తిరిగి వెళ్ళాడు. ఆసుపత్రిలోనే అతనికి స్నేహితుడైన మరో కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ వేరే డాక్టరు దగ్గర బాగుపడి వెళ్ళి, యుద్ధం ముగియడానికి వారం ముందు, 1918 నవంబరు 4న చనిపోయాడు. ఇక రివర్స్ సంగతి. ససూన్‌తో మాట్లాడుతున్న రోజుల్లో తనకొచ్చిన ఒక కలని ఆయనే విప్పి చూసుకున్నాడు. ఈ కుర్రాడు చెప్పేదే నిజమైతే నేనేం చెయ్యాలి అన్న గుంజాటన అందులో దొరికింది. రోగి డాక్టరు నమ్మకాన్నే కదిపాడన్నమాట. 1922లో లేబర్ పార్టీ తరఫున పార్లమెంటుకి పోటీకి సిద్ధపడి, ఎన్నిక రాకముందే పోయాడు.

ఆ 1922లోనే కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ తన ఇంట్లో భారతీయ సైకోఅనాలిటిక్ సంఘం పెట్టాడు. ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిపాడు. మీ సిద్ధాంతంలోని భయాలు నా బెంగాలీ రోగుల్లో మీరన్నట్టు కనబడటం లేదని గౌరవంగానే, వెనక్కి తగ్గకుండా రాశాడు. రోగి మాటకీ గురువు మాటకీ తేడా వస్తే రోగి పక్షం తీసుకున్నాడు. గురుభక్తి మెండుగా ఉన్న దేశంలో ఇదేమంత చిన్న విషయం కాదు.

మన దేశం నుంచి ఈ వైద్యానికి చేరిన అసలు సొమ్ము మాత్రం అమృత్‌సర్‌లో ఉందంటాను. దేశ విభజన తర్వాత 1950లో రెండు దేశాలూ పిచ్చాసుపత్రుల్లోని రోగుల్ని కూడా పంచుకున్నాయి. లాహోరు ఆసుపత్రిలోని హిందువులూ సిక్కులూ అమృత్‌సర్ వచ్చారు. ఉర్దూ రచయిత మంటో రాసిన టోబా టేక్ సింగ్ కథకి పునాది ఆ సంఘటనే. ఆ ఆసుపత్రికి పెద్దగా వచ్చిన డాక్టర్ విద్యాసాగర్‌కి చేతిలో చాలినన్ని మంచాలు లేవు, మనుషులు లేరు, మందులు అంతంతమాత్రం. ఆయన ఆవరణలో డేరాలు వేయించి, రోగితోపాటు ఇంటివాళ్ళని కూడా అందులో ఉండమన్నాడు. రోజూ వాళ్ళందరినీ కూర్చోబెట్టుకుని జబ్బంటే ఏమిటో, ఇంటికెళ్ళాక ఎలా చూసుకోవాలో, వాళ్ళకి తెలిసిన పురాణ కథల్లోంచి చెప్పేవాడు. పాశ్చాత్య దేశాల్లో రోగి నుంచి కుటుంబాన్ని దూరంగా పెట్టడమే నియమంగా ఉన్న రోజులవి. ఇక్కడ తల్లి, భార్య, అన్న రాత్రంతా రోగి పక్కనే పడుకుని, నయమయ్యాక అతనితో ఇంటికి వెళ్ళేవాళ్ళు. ఎవరూ రానివాళ్ళలా లోపల మిగిలిపోవడం తగ్గింది.

1957లో మొదలైన వెల్లూరు మెడికల్ కాలేజీ మానసిక ఆరోగ్య కేంద్రం కూడా ఇంటి మనిషి వెంట ఉంటేనే చేర్చుకునే పద్ధతి పెట్టుకుంది. చిత్తూరు, నెల్లూరు నుంచి వెళ్ళే తెలుగువాళ్ళకి ఇది బాగా తెలుసు. మన ఆసుపత్రుల భాషలో ఆ మనిషి పేరు అటెండెంటు. మందుల చీటీ పట్టుకు తిరిగేది, ఇడ్లీ తెచ్చేది, రాత్రి మంచం కింద చాప వేసుకునేది, డాక్టరడిగినప్పుడు జబ్బు చరిత్ర మొత్తం అప్పజెప్పేది ఆ అటెండెంటే. ఇందులో ఇబ్బంది లేకపోలేదు. అత్త పక్కనుంటే కోడలు నోరు విప్పదు. మొగుడి వల్లే డిప్రెషన్ వచ్చిన మనిషికి మొగుడే అటెండెంటుగా వస్తాడు. అలాంటప్పుడు బ్యాంకు పనో, మందుల షాపు పనో చెప్పి ఆయన్ని ఓ గంట బయటికి పంపడం నా వృత్తి రహస్యాల్లో ఒకటి.

ఆందోళన సంగతికొస్తే, జోసెఫ్ వోల్పే అనే దక్షిణాఫ్రికా డాక్టరు రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకి మత్తుమందిచ్చి గతం మాట్లాడించే వైద్యం చేశాడు. చాలామందికి అది నిలబడలేదు. విసిగిపోయి జొహన్నెస్‌బర్గ్‌లో పిల్లుల మీద ప్రయోగాలు చేసి, భయాన్ని చిన్న మెట్టు నుంచి పెద్ద మెట్టుకి ఎక్కిస్తూ పోగొట్టే పద్ధతి తయారుచేసి 1958లో పుస్తకం వేశాడు. నిజానికి 1924లోనే మేరీ కవర్ జోన్స్, పీటర్ అనే చిన్న పిల్లాడికి ఇష్టమైన తిండి పెడుతూ కుందేలుని రోజుకింత దగ్గరికి జరిపి అతని భయం పోగొట్టింది. ఆవిడ పేరు చాలాకాలం ఎవరికీ గుర్తు రాలేదు, అది మామూలే.

ఈ మెట్లని రోగి చేతే రాయించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి మీద పడింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి భీమిలి వైపు నుంచి ఒక మత్స్యకారుణ్ణి భార్య వెంటబెట్టుకొచ్చింది. వేటకెళ్ళడం మానేశాడు, నిద్ర లేదు. సముద్రమంటే భయం పట్టుకుందని భార్య చెప్పింది. ఏది ఎంత భయమో మీరే చెప్పండి అన్నాను ఆయనతో.

"సవుద్రానికి బయ్యమేటమ్మా, అది నా తల్లి కదా. ఇంటి మీద రేకుల సప్పుడినిపిస్తే సాలు, పేణం పోతాది. వేటకెల్తే ఇంటికాడ రేకు లెగిసిపోతాదేటోనని."

సున్నా నుంచి వంద దాకా మార్కులు వెయ్యమంటే ఆయనకి నచ్చలేదు. అణాల్లో చెప్తానన్నాడు. పగటిపూట ఎండలో రేకు మీద చేత్తో తడితే రెండణాల భయం. ఫోన్‌లో గాలి చప్పుడు చిన్నగా పెడితే ఆరణాలు. రాత్రి, చీకట్లో, పెద్దగా పెడితే పన్నెండు. నిజం గాలివానలో ఇంట్లో ఒక్కడే ఉండటం పదహారణాలు. ఒక్కో మెట్టు మీద భయం దానంతటది దిగేదాకా ఉండాలి, మధ్యలో లేచి పోకూడదు. భయపడి తప్పించుకున్న ప్రతిసారీ, తప్పించుకున్నాను కాబట్టే బతికాను అని ఒంటికి పాఠం అందుతుంది. దిగేదాకా ఉంటే వేరే పాఠం అందుతుంది. పాత భయం తుడిచిపెట్టుకుపోదు, దాని పక్కన కొత్త అనుభవం ఒకటి వచ్చి కూర్చుంటుంది. ఆయన మళ్ళీ వేటకెళ్ళాడు. పదహారణాల మెట్టు మాత్రం ఎక్కనన్నాడు. ఎందుకెక్కాలి? గాలివానలో రేకుల కింద ఒక్కడే ఉండటం తెలివైన పని కాదు.

డిప్రెషన్‌కి మాటల వైద్యం నిజంగా పనిచేస్తుందా అన్న అనుమానం చాలాకాలం ఉండేది. 1952లో లండన్‌లో హాన్స్ ఐసెంక్, ఈ వైద్యం చేసినా చెయ్యకపోయినా ఒకటే, జనం వాళ్ళంతట వాళ్ళే బాగుపడుతున్నారని లెక్కలు వేసి మరీ గేలిచేశాడు. ఆయన లెక్కల్ని తర్వాతివాళ్ళు తప్పుపట్టారు గానీ, ఆ గేలి మేలే చేసింది. పోల్చి చూపించక తప్పని పరిస్థితి వచ్చింది. ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అసలు ఫ్రాయిడ్ దారివాడే. డిప్రెషన్ అంటే లోపలికి తిరిగిన కోపమని చదువుకున్నాడు. ఋజువు కోసం రోగుల కలలు పోగేస్తే కోపం కనిపించలేదు, ఓటమీ నష్టమూ కనిపించాయి. ఒకరోజు దివాను మీద పడుకున్న ఒకావిడ తన ప్రేమ వ్యవహారాలు చెప్పుకుపోతూ బెంబేలెత్తిపోయింది. కామ విషయాలకి సిగ్గుపడుతున్నారు అని బెక్ వ్యాఖ్యానం. ఆవిడ కాదంది. మీకు నా మాటలు విసుగు పుట్టిస్తున్నాయేమోనని భయంగా ఉంది అంది. చెప్పే మాటల అడుగున మరో మాటల వాగు పారుతోందనీ, నేను పనికిరాను, నన్నెవరూ భరించలేరు అంటూ ఆగకుండా గొణుగుతోందనీ బెక్ పట్టుకున్నది అప్పుడే. రోగుల్ని దివాను మీంచి లేపి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ గొణుగుడుని కాగితం మీద పెట్టించి, దీనికి సాక్ష్యం ఏమిటి, వ్యతిరేక సాక్ష్యం ఏమిటి అని ఇద్దరూ కలిసి చూసే పద్ధతి పెట్టాడు. 1977లో ఆ పద్ధతిని ఇమిప్రమిన్ మాత్రతో పోల్చి చూశారు. మాటలు మాత్రకి తీసిపోలేదు. మాత్రలు వద్దని నేననను. తీవ్రంగా ఉన్నప్పుడు రెండూ కావాలి, ఆ నిర్ణయం సైకియాట్రిస్టుది.

వియత్నాం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికులైతే డాక్టర్ల కోసం ఆగలేదు. 1970లో న్యూయార్కులో వాళ్ళే వాళ్ళే గుంపులుగా కూర్చుని చెప్పుకోవడం మొదలుపెట్టి, డాక్టర్లు ఖైమ్ షాటన్, రాబర్ట్ లిఫ్టన్‌లని పిలిచారు. తోటి మనిషిగా కూర్చుంటేనే రండి అన్నారు. ఇద్దరూ ఆ షరతు మీదే వెళ్ళారు. వాళ్ళందరి పోరు ఫలితంగానే 1980లో అమెరికన్ సైకియాట్రీ జాబితాలో ఘోరమైన అనుభవం తర్వాత మనిషిని వదలని పీటీఎస్‌డీ అన్న జబ్బు చేరింది. పదేళ్ళ తర్వాత ఈడ్నా ఫోవా, అత్యాచారానికి గురైన స్త్రీలతో రివర్స్ దారినే ఇంకా పద్ధతిగా నడిపి, జరిగింది మళ్ళీ మళ్ళీ చెప్పించి, ఫలితాల్ని కొలిచి చూపించింది.

అలాగని దొరికినవాళ్ళందరి చేతా చెప్పించకూడదు. 2004 సునామీ తర్వాత మన తీరంలోనూ చూశాను. సంచులు తగిలించుకుని కౌన్సెలర్లు గుంపులుగా దిగడం, శవాలు ఇంకా లెక్క తేలకముందే తల్లుల్ని చుట్టూ కూర్చోబెట్టి ఏం జరిగిందో చెప్పండమ్మా అని ఏడిపించడం, సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోవడం. విపత్తు జరిగిన వెంటనే పట్టుబట్టి చెప్పించడం వల్ల మేలు లేదనీ, కొందరికి కీడే అనీ అప్పటికే పరిశోధనలు వచ్చేశాయి. ఆ రోజుల్లో మనిషికి కావలసినవి అన్నం, నీడ, కనిపించని బంధువు కబురు. చెప్పుకునే రోజు చాలామందికి వాళ్ళంతట వాళ్ళకే వస్తుంది, తమవాళ్ళ దగ్గరే చెప్పుకుంటారు. కొందరికి మాత్రం నెలలు గడిచినా రాదు. మా అవసరం వాళ్ళకి.

బెర్తా కథలో పని గురించి తర్వాత చెప్తానన్నాను. గోవాలో 1996లో మొదలైన సంగత్ సంస్థ డిప్రెషన్‌కి ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల చిన్న వైద్యం ఒకటి తయారుచేసింది. దాని వెన్నెముక పనే. ఉత్సాహం వచ్చాక చేద్దామని ఆగకుండా, ఇవాళ సంతకెళ్ళడం, చెల్లెలికి ఫోన్ చెయ్యడం, ఆగిపోయిన కుట్టుపని ఒక వరస కుట్టడం లాంటివి వారానికి కొన్ని రాసుకుని చేయడం. ఉత్సాహం వెనకాలే వస్తుంది. ఇదంతా చేయించింది సైకాలజిస్టులు కాదు. మానసిక వైద్యం డిగ్రీలు లేని స్థానికుల్ని ఎంచి తర్ఫీదిచ్చారు. వాళ్ళు తమ సిట్టింగుల్ని రికార్డు చేసి, ఒకరి పని ఒకరు విని మార్కులేసుకునేవాళ్ళు. పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 495 మందితో చేసిన పరీక్ష ఫలితం 2017లో లాన్సెట్‌లో వచ్చింది. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళకంటే వీళ్ళు మెరుగయ్యారు. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా 2006లో నాయనమ్మల్ని ఇదే పనికి పెట్టాడు. ఆసుపత్రి ఆవరణలో వేసిన బల్లకి మానసిక ఆరోగ్య బల్ల అని పేరు పెడితే దాని మీద ఒక్కరూ కూర్చోలేదు. ఆ పేరు తీసెయ్యండి, స్నేహం బల్ల అనండి అన్నారు నాయనమ్మలు. అన్నాక జనం వచ్చారు.

ఇది విన్న ప్రతి అధికారీ మన దగ్గర వెంటనే అనే మాట, ఆశా కార్యకర్తలతో చేయించేద్దాం అని. చేయగలరు, సందేహం లేదు. నేను తర్ఫీదిచ్చిన కొద్దిమందిలో కొందరు నాకంటే బాగా వినగలిగారు. కానీ గర్భిణుల లెక్క, టీకాల లెక్క, టీబీ లెక్క, బీపీ షుగర్ల లెక్క, ఫోన్‌లో యాప్‌లూ ఇప్పటికే వాళ్ళ నెత్తిన ఉన్నాయి. వారం వారం ఒక మనిషి ఎదురుగా గంటసేపు తీరిగ్గా కూర్చోవాలంటే ఆ గంట ఆమె దగ్గర ఉండాలి, ఆ గంటకి జీతం ఉండాలి, కేసు బరువైనప్పుడు ఫోన్ చేస్తే ఎత్తే పెద్దదిక్కు ఒకరు ఉండాలి. ఈ మూడూ సమకూర్చకుండా మానసిక ఆరోగ్యం అని మరో రిజిస్టరు ఇస్తే, ఆమె దాన్ని కూడా నింపుతుంది. నెలాఖరుకి అన్ని గడులూ నిండే ఉంటాయి.